తాతల నాటి జెండాకి ఫ్రేమ్, గమ్ము చుక్క వాడలేదు (గవర్నర్‌పేట, విజయవాడ)

ఇంట్లో పాతకాలం గుడ్డ ఏదున్నా, పట్టుచీర కొంగు గానీ జెండా గానీ, కళ్ళు మూసుకుని ఈ ఫ్రేముల షాపులో ఇవ్వొచ్చు. మాది బల్లేనికి కట్టే జెండా, పైన ఎరుపు కింద తెలుపు, చివర రెండుగా చీలి ఉంటుంది. మా ముత్తాత హైదరాబాద్ లాన్సర్స్‌లో, అంటే బల్లేలు పట్టే గుర్రపు దళంలో, సవారు, మొదటి ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా దాకా వెళ్ళిన దళం అది. ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాలు హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లవే. 1918 సెప్టెంబర్ 23న గుర్రాల మీద హైఫాలోకి (ఇప్పుడు ఇజ్రాయెల్‌లో ఉన్న ఊరు) దూకింది జోధ్‌పూర్, మైసూర్ వాళ్ళు, మావాళ్ళదీ అదే బ్రిగేడ్. ఆ జెండా తాతయ్య నుంచి నాన్నకొచ్చి ఇన్నేళ్ళూ ట్రంకుపెట్టెలో కలరా ఉండల మధ్యే ఉంది, మడతల దగ్గర దారాలు తెగిపోతున్నాయి.

ముందు ఇంకోచోట అడిగితే గమ్ము రాసి అట్టకి అంటించేస్తాం, కావాలంటే లామినేషన్ చేస్తాం అన్నారు, గుండె ఆగినంత పనైంది. ఇక్కడ పెద్దాయన చేతులు కడుక్కొచ్చి, తెల్లగుడ్డ పరిచి, అప్పుడు ముట్టుకున్నారు. ఉతికిద్దామా అండీ అంటే "వద్దమ్మా, తడి తగిలితే ఎరుపు దిగి తెలుపు మీదకొచ్చేస్తుంది, ఇక మన చేతుల్లో ఉండదు" అన్నారు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము తీశారు, అంతే. గంజి పోయేదాకా ఉడకబెట్టిన కోరా గుడ్డ మీద జెండా పరిచి అంచుల వెంట సన్న పట్టుదారంతో వదులుగా కుట్టారు, బిగిస్తే పాత గుడ్డే చిరుగుతుందట. వెనక ఆసిడ్ లేని బోర్డు వేశారు, మామూలు అట్టయితే కొన్నేళ్ళకి గుడ్డ పసుపెక్కి పెళుసైపోతుంది. గ్లాసు తగలకుండా చుట్టూ యాక్రిలిక్ బద్దలు పెట్టారు, మన బెజవాడ ఉక్కకి లోపల చెమ్మ పడితే గుడ్డ గ్లాసుకి అతుక్కుని బూజు పడుతుంది కదా, అందుకు.

యూవీ (రంగు పోగొట్టే అతినీలలోహిత కిరణాలు) ఆపే గ్లాసు హైదరాబాద్ నుంచి తెప్పించారు, చెప్పిన డేట్ దాటింది, ఒక ఫోన్ చేసి చెప్పుంటే బాగుండేది. 6,500 అయింది, మామూలు ఫ్రేమ్‌తో చూస్తే ఎక్కువే, ఆ కుట్టు చూశాక మాకు అలా అనిపించలేదు. బల్లెం కర్రకి కట్టే పాత నాడాలు కూడా కత్తిరించకుండా అలాగే ఉంచారు, అది నాకు బాగా నచ్చింది. ఎండ పడే గోడకీ, వానకి చెమ్మెక్కే గోడకీ తగిలించొద్దన్నారు, యూవీ గ్లాసున్నా వెలుతురుకి రంగు కొంచెం కొంచెం పోతూనే ఉంటుంది, పోయింది తిరిగి రాదు. అందుకే హాల్లో కాకుండా లోపలి గదిలో పెట్టాం.

సాయంత్రం బండి పెట్టడానికి చోటుండదు, షాపు తీయగానే వెళ్ళండి, గుడ్డని మడవకుండా పాత పంచె చుట్టిన లావుపాటి గొట్టానికి చుట్టి తీసుకెళ్ళండి.