వదిలేయడమా, అంచనాతో నింపడమా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్ వైపు రేకుల షెడ్లలో ఉండే మన అనంతపురం, కర్నూలు కూలీల పిల్లల చదువు మీద ఇంటి ప్రభావాన్ని ఏళ్ల తరబడి గమనించాలంటే పెద్ద చిక్కు ఒకటుంది. బిల్డింగ్ పని అయిపోగానే షెడ్డు ఖాళీ, ఫోన్ నంబరూ మారిపోతుంది. అలా మధ్యలో జారిపోయినవాళ్ల వివరాలు ఖాళీగా మిగిలిపోతాయి.

జారిపోయినవాళ్లను తీసేసి మిగిలినవాళ్లతోనే లెక్క కట్టడం సులువు. కానీ చివరిదాకా మిగిలేది ఎవరు? నిలకడైన జీతం, హోంవర్క్ చూసే తీరిక ఉన్న ఇళ్లే ఎక్కువ. కష్టాల్లో ఉన్న పిల్లలే లెక్కలోంచి మాయమవుతారు. ఇది నాకు అస్సలు మింగుడుపడదు.

రెండో దారి మల్టిపుల్ ఇంప్యుటేషన్, అంటే ఖాళీలను అంచనాలతో నింపడం. గణాంక శాస్త్రవేత్త డొనాల్డ్ రూబిన్ 1987లో దీని మీద పుస్తకమే రాశారు. తల్లి చదువు, ఆదాయం, పోయినేటి మార్కులు చూసి ఒక్కో ఖాళీని పలుమార్లు వేర్వేరు విలువలతో నింపి, ఫలితాలను కలుపుతారు. దాంతో అంచనాలోని అనిశ్చితి కూడా లెక్కలోకి వస్తుంది. నా ఓటు దీనికే. అయితే పిల్లాడు బడి మానేశాకే కుటుంబం వెళ్లిపోయి, ఆ సంగతి మన కాగితాల్లో లేకపోతే ఇదీ తప్పుదారి పడుతుంది.

అందుకే మొదటి రోజే మేస్త్రీ నంబరు, ఊళ్లో తాతయ్య నంబరు రాసుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలై పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన యంగ్ లైవ్స్ అధ్యయనం ఊరు మారిన పిల్లల్ని కూడా వెతుక్కుంటూ వెళ్లింది.