దుకాణం అమ్మిన అదనపు వారంటీ: నాలుగేళ్ల వాడకం తరువాత

శ్రీకాకుళంలో పెళ్లిళ్లకు ఫోటోలు తీయడమే నా జీవనాధారం. 2020 నవంబరులో విశాఖపట్నంలోని ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో 1,18,000 రూపాయలకు డీఎస్ఎల్ఆర్ కెమెరా బాడీ, లెన్సు కొన్నాను. తయారీ సంస్థ ఇచ్చే రెండేళ్ల వారంటీ ముగిశాక మరో రెండేళ్లు రక్షణ ఇస్తుందని చెప్పిన పథకాన్ని అదే బిల్లులో 8,900 రూపాయలకు తీసుకున్నాను. గడువు తీరేలోగా రెండుసార్లు క్లెయిమ్ చేయవలసి వచ్చింది.

"కంపెనీ వారంటీయే ఇంకో రెండేళ్లు నడుస్తుందండీ" అని కౌంటరు దగ్గరి కుర్రవాడు చెప్పిన మాట సరికాదు. ఆ ఒప్పందంతో తయారీ సంస్థకు సంబంధమే లేదు. దుకాణం దాన్ని అమ్ముతుంది, క్లెయిములను పరిశీలించేది మరో సంస్థ. కెమెరా అధీకృత సర్వీస్ సెంటరుకే వెళ్లినా, వారిచ్చిన ఎస్టిమేట్ ఆ సంస్థకు చేరి, అక్కడ ఆమోదం దొరికేదాకా పని మొదలుకాదు. ఈలోగా బయటి మెకానిక్ చేత ఒక్క స్క్రూ విప్పించినా హక్కు పోతుందని షరతుల కాగితంలో సన్నని అక్షరాలలో ఉంది. ఆ కాగితం నా చేతికి వచ్చింది డబ్బు కట్టిన తరువాతే.

2023 మాఘమాసంలో ఆమదాలవలసలో ఒక పెళ్లికి ఫోటోలు తీస్తుండగా, సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకు ప్రతి ఫోటో అడుగునా నల్లని పట్టీ రావడం మొదలైంది. అంతకుముందటి పాత బాడీతో ఆ ముహూర్తం గట్టెక్కించి, రాత్రి ఇంటికి వచ్చి అద్దం పైకి లేపి చూస్తే, వెలుతురును లోపలికి వదిలే షట్టరు రేకులలో ఒకటి వంగి పక్కకు జరిగి కనిపించింది. సర్వీస్ సెంటరువారు జీఎస్టీతో కలిపి 17,400 రూపాయల ఎస్టిమేట్ ఇచ్చారు. అరుగుదల వల్ల పాడైన భాగాలకు పథకం వర్తించదు కాబట్టి మొదటి పేచీ అక్కడే వచ్చింది. అయితే నా కెమెరా షట్టరును 1,50,000 క్లిక్కుల వరకు పరీక్షించినట్లు తయారీ సంస్థ ప్రకటించింది, నా లెక్క 68,000 దగ్గరే ఉంది. ఆ అంకెను సర్వీస్ నివేదికలో రాయించుకోవడమే నన్ను కాపాడింది.

రెండో పేచీ ఇంకా బాధపెట్టింది. వృత్తికి వాడిన కెమెరాకు పథకం వర్తించదని క్లెయిములు చూసే సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. స్టూడియో చిరునామాతో బిల్లు రాసి, పథకాన్ని అంటగట్టిన దుకాణానికి ఆ సంగతి అమ్మేనాడు తెలియదా? వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునే వస్తువును వాణిజ్య ప్రయోజనంగా లెక్కించరు కనుక, నావంటివాడు కూడా వినియోగదారుడే. తాను ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే రెండేళ్లలోపు ఫిర్యాదు చేసుకోవచ్చు. అదంతా వివరంగా రాసి దుకాణానికి పంపి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా నమోదు చేశాను. తరువాత ఆమోదం వచ్చింది. కెమెరా చేతికి రావడానికి మొత్తం 47 రోజులు పట్టింది. సొంత డబ్బుతో చేయిస్తే పది రోజుల పనేనని సర్వీస్ సెంటరువారే అన్నారు. ఆ 47 రోజులలో ఆరు పెళ్లిళ్లకు బాడీ అద్దెకు తెచ్చుకోవడానికి తొమ్మిది వేలు పోయాయి. పథకం ధరతో కలిపితే 17,900 రూపాయలు, అంటే మరమ్మతు ఖర్చు కంటే ఎక్కువే.

2024 వర్షాకాలంలో లెన్సు లోపల బూజు పట్టింది. టార్చి వేసి చూస్తే అంచున సాలెగూడు పోగులవంటి తెల్లని గీతలు. ఈ రెండో క్లెయిమును తిరస్కరించారు. తేమ వల్ల వచ్చే నష్టం షరతుల్లోనే మినహాయింపుగా ఉన్నందున ఆ తిరస్కరణను నేను తప్పుపట్టను. కానీ సముద్రపు గాలి తగిలే మన జిల్లాలో లెన్సులను ఎక్కువగా తినేసేది ఈ బూజే. దాన్ని మినహాయించిన పథకాన్ని లెన్సు కోసం కొనడంలో అర్థం లేదని నా అనుభవం.

నిరుడు మరో బాడీ కొన్నప్పుడు, వృత్తి వాడకానికి వర్తిస్తుందని దుకాణం ముద్రతో రాసి ఇస్తేనే పథకం తీసుకుంటానన్నాను. ఇవ్వలేమన్నారు. ఆ డబ్బుకు మరికొంత చేర్చి, లోపలి తేమను అదుపులో ఉంచే డ్రై క్యాబినెట్ కొన్నాను. బాగుచేయించిన ఆ బాడీ, లెన్సులు ఇప్పుడు అందులో 45 శాతం తేమ దగ్గర ఉంటున్నాయి.