టీ కొత్తగా రుచి చూడాలంటే ఎవరి మాట వినాలి: షాపతనిదా, స్నేహితులదా, రివ్యూలదా, ఇంట్లోవాళ్ళదా?

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు. టీ విషయంలో ఆ మాట సగమే నిజం. పాలు బాగా పోసి, చక్కెర వేసి, పొంగు వచ్చేదాకా మరిగిస్తేనే టీ అని మన నాలుకకు ఎవరో అలవాటు చేశారు. వాళ్ళకు ఇంకెవరో చేశారు. ఇంకాస్త వెనక్కి వెళ్తే 1903 దగ్గర తేలతాం. ఆ ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం టీ ఎగుమతుల మీద సెస్సు వేసి, వచ్చిన డబ్బును ప్రచారానికి మళ్ళించింది. 1930ల నాటికి ఆ ప్రచారం సంతల్లో, రైల్వే స్టేషన్లలో, ఫ్యాక్టరీల్లో ఊరికే కప్పులు పోసి, టీ ఎలా పెట్టాలో దగ్గరుండి చూపించేదాకా వెళ్ళింది. మనవాళ్ళు టీని తీసుకున్నారు గానీ వాళ్ళు చూపించిన పద్ధతిని పెద్దగా పట్టించుకోలేదు. పాలు పెంచారు, అల్లం దంచి వేశారు.

అందుకే "ఎవరి మాటా వినను, నా నాలుక చెప్పిందే వింటాను" అనడం గొప్పగా ఉంటుంది గానీ జరిగే పని కాదు. ఎవరో ఒకరి మాట ఎలాగూ వింటాం. ఎవరిది వింటే మేలో చూసుకోవాలి, అంతే.

ఇంట్లో ఏ రెడ్ లేబులో, చక్ర గోల్డో, జెమినీయో పాలతో తాగుతూ, బయటికెళ్తే ఇరానీ చాయ్‌కి సరే అంటూ, ఇప్పుడు డార్జిలింగ్, నీలగిరి, ఊలాంగ్ (గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్య రకం) లాంటివి కూడా చూద్దాం అనుకునేవాళ్ళ కోసం ఈ పోలిక. సలహా ఇచ్చేవాళ్ళందరినీ నేను ఒకే ప్రశ్నతో కొలుస్తాను: నేను తాగుతున్న కెటిల్‌లోంచే ఈ మనిషి కూడా తాగాడా?

రివ్యూలతో మొదలుపెడతాను, చాలామంది మొదలయ్యేది అక్కడే కాబట్టి. రివ్యూలలో నాకు నిజంగా పనికొచ్చేవి అంకెలు. గ్రీన్ టీకి నీళ్ళు 75 నుంచి 80 డిగ్రీల వేడి చాలు, రెండు నిమిషాలు నానితే చాలు. ఈ ఒక్క ముక్క తెలియక, మన ఇళ్ళలో గ్రీన్ టీ ఆకుని పొయ్యి మీద కళపెళా మరిగించి "ఛీ, చేదు" అని పారబోసినవాళ్ళు ఎంతమందో. చైనా పద్ధతిలో 100 మిల్లీలీటర్ల చిన్న గిన్నెకి 5 గ్రాముల ఆకు వేసి, పది పదిహేను సెకన్లకే వంపేసి, అదే ఆకుతో మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటారని పక్కింటివాళ్ళెవరూ చెప్పరు. అది తెరమీదే చూసి నేర్చుకోవాలి.

కానీ రివ్యూ రాసినాయన మన నీళ్ళతో టీ పెట్టలేదు. హైదరాబాద్‌లో చాలా అపార్ట్‌మెంట్లలో వచ్చేది బోరు నీళ్ళు. కాల్షియం ఎక్కువ ఉన్న నీళ్ళతో బ్లాక్ టీ పెట్టి కాసేపు వదిలేయండి, పైన సన్నటి తెట్టు కడుతుంది, కప్పు అంచుకి గోధుమరంగు చార అంటుకుంటుంది. రంగు మసకబారుతుంది, వాసన అణిగిపోతుంది. అదే ఆకు వేరే నీళ్ళలో వేరే టీ అవుతుంది. ఆయన "అద్భుతం" అన్న టీ మన వంటింట్లో చప్పగా ఉంటే తప్పు ఆకుదీ కాదు, మన నాలుకదీ కాదు.

ఇంకో చిక్కు, రివ్యూ మాటలు కప్పు కంటే ముందే నోట్లోకి వచ్చేస్తాయి. డార్జిలింగ్‌లో మే, జూన్ నెలల్లో కోసే సెకండ్ ఫ్లష్ (ఏడాదిలో రెండో విడత చిగురు) ఆకుకి మస్కట్ ద్రాక్ష వాసన వస్తుందంటారు. అది కట్టుకథేమీ కాదు. సన్నటి పచ్చపురుగులు లేత ఆకుల్లో రసం పీలుస్తాయి, దానికి మొక్క స్పందించి సువాసన పదార్థాలను తయారుచేస్తుంది. తైవాన్‌లోని ఓరియంటల్ బ్యూటీ ఊలాంగ్‌కి తేనె వాసన వచ్చేదీ ఇలాంటి పురుగుకాటు వల్లే. అయితే ముందే "ద్రాక్ష, ద్రాక్ష" అని చదివి కప్పు ఎత్తితే, ఆ వాసన ఉన్నా లేకపోయినా ద్రాక్షే కనిపిస్తుంది. 2001లో అచ్చయిన ఒక ప్రయోగంలో, ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ శాస్త్రం చదువుకుంటున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్ళు దాన్ని ఎర్ర వైన్‌కి వాడే మాటలతోనే వర్ణించారు. చదువుకున్నవాళ్ళనే రంగు మోసం చేసింది, మనల్ని వర్ణన చెయ్యదా?

ఆరోగ్యం పేరు చెప్పి తాగించేవాళ్ళ గురించి రెండు మాటలు చాలు. ఆఫీసుల్లో గ్రీన్ టీ బ్యాగులు బరువు తగ్గడానికని వచ్చాయి, అందుకే అందరూ దాన్ని ముక్కు మూసుకుని కషాయంలా తాగేశారు. రుచి ఎలా ఉందని ఎవరూ అడగలేదు, అడగాలని కూడా తోచలేదు. టీని పరిచయం చెయ్యడానికి ఇంతకంటే చెడ్డ దారి లేదు.

షాపతని సంగతి వేరు. పెద్ద బజారుల్లో లూజ్ టీ పొడి అమ్మే పాత దుకాణాలు చూసే ఉంటారు. వరసగా డబ్బాలు, కౌంటర్ మీద తక్కెడ. మంచి షాపతను మీరు పేరు చెప్పగానే పొట్లం కట్టడు. "పాల టీకా సార్, బ్లాక్‌కా?" అంటాడు. "పాలు చిక్కవా, పల్చనా? ఇంట్లో బోరా, నల్లానా?" అంటాడు. నీళ్ళ గురించి అడిగాడంటే ఆ షాపు వదలకండి. తర్వాత తెల్ల కాగితం మీద రెండు రకాలూ చిటికెడు చిటికెడు పోసి పక్కపక్కన పెడతాడు. ఒకటి గుండ్రటి చిన్న గింజలు, పాలకి రంగు ఇవ్వడానికి. ఇంకోటి మెలితిరిగిన పొడుగాటి ఆకు, విడిగా తాగడానికి. మొదటిది సీటీసీ, అంటే ఆకుని యంత్రంలో నలిపి, చింపి, చుట్టేది. 1930లలో అస్సాంలో పుట్టిన పద్ధతి. రెండోది ఆర్థడాక్స్. ఈ తేడా వంద రివ్యూలు చదివినా అర్థం కాదు, ఆ కాగితం మీద ఒక్కసారి చూస్తే చాలు.

గాజుగ్లాసులో వేడినీళ్ళు పోసి రుచి చూపించే షాపు దొరికితే ఇంకా మంచిది. అప్పుడు ఆయనా మీరూ ఒకే కెటిల్ మనుషులు.

అయినా షాపతను అమ్ముకునేవాడు, ఆ సంగతి మరిచిపోకూడదు. డబ్బా మీద ఎస్ఎఫ్‌టీజీఎఫ్ఓపీ అని గొలుసు అక్షరాలు చూపించి "టాప్ గ్రేడ్ సార్" అంటే, అవి ఆకు సైజు, చిగురు మొగ్గల గురించి చెప్పేవే. రుచికి హామీ కాదు. ధర కూడా అంతే. 2021 డిసెంబర్‌లో గువాహటి వేలంలో మనోహరి గోల్డ్ టీ కిలో 99,999 రూపాయలు పలికింది. ఆ వార్త విన్నాక కౌంటర్ దగ్గర 400 రూపాయల పొట్లం చవగ్గా కనిపించడం సహజం. అందుకని ధర అడిగే ముందు "ఏ నెల ఆకు?" అని అడగండి. డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ మార్చి, ఏప్రిల్ ఆకు, దాని పచ్చి పరిమళం నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. నెల చెప్పలేని షాపులో ఖరీదైన టీ కొనకపోవడమే మంచిది. లూజ్ పొడికి రంగు కలిపారేమోనన్న అనుమానం ఉంటే తడిపిన ఫిల్టర్ పేపర్ మీద కాస్త చల్లండి. కలిపిన రంగైతే కాగితం మీద మరకలు దిగుతాయి.

ఇక స్నేహితులు. నా ఓటు ఇక్కడికే, అయితే ఒక షరతు మీద.

ముందు లెక్క చూద్దాం. 100 గ్రాములు 1000 రూపాయలు పడే టీ అనుకోండి. కప్పుకి 2 గ్రాముల చొప్పున 50 కప్పులు, అంటే కప్పు 20 రూపాయలు. హోటల్లో ఒక చాయ్ డబ్బు. కానీ నచ్చకపోతే మిగిలిన 49 కప్పులు ఏం చేస్తారు? నలుగురు కలిసి కొని 25 గ్రాముల చొప్పున పంచుకుంటే మనిషికి 250, పన్నెండు కప్పులు వస్తాయి. అదే 1000 రూపాయలకి ఒక రకం బదులు నాలుగు రకాలు చూడొచ్చు. ఇంట్లో ఒక్కరే టీ పిచ్చి ఉన్నవాళ్ళకి ఇంతకంటే పొదుపైన దారి నాకు కనిపించలేదు.

షరతు ఏమిటంటే, తాగుతున్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదు. ఏ గుంపులోనైనా ఒకాయన ఉంటాడు, మొదటి గుక్క గొంతు దిగకముందే "ఆహా, పువ్వుల వాసన రా" అంటాడు. ఇక మిగతావాళ్ళందరికీ పువ్వులే. రెండోవాడు "అవునవును, మల్లెపువ్వు" అంటాడు. మూడోవాడికి గడ్డి వాసన వచ్చినా చెప్పడానికి మొహమాటం. కాబట్టి అందరూ చీటీ మీద రెండు ముక్కలు రాసుకున్నాకే నోరు విప్పాలి. ఆ చీటీలు విప్పి చూసుకున్నప్పుడు వచ్చే నవ్వులూ, గొడవా చాలా మంచి కాలక్షేపం. ఒకే కెటిల్‌లో టీకి ఒకరు "ఉడకబెట్టిన మొక్కజొన్న" అనీ, ఇంకొకరు "కొత్త పుస్తకం" అనీ రాస్తే, రెండూ మళ్ళీ వాసన చూడాలనిపిస్తుంది. పక్కవాడు పట్టుకున్నది నాకు ఇప్పుడు దొరుకుతుందా అని రెండో కప్పు పోస్తాం.

తేడా తెలుస్తోందా లేక తెలుస్తోందని అనుకుంటున్నామా అన్న అనుమానం వస్తే, మూడు కప్పులు పెట్టండి. రెండింటిలో ఒకే టీ, ఒకదానిలో వేరే టీ. ఏది వేరో చూడకుండా చెప్పాలి. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒకసారి గెలిచి మీసం మెలేయకుండా మళ్ళీ మళ్ళీ చేయాలి. టీ వ్యాపారంలో రుచి చూసేవాళ్ళకి అంతర్జాతీయ ప్రమాణమే ఉంది: 100 మిల్లీలీటర్లకి 2 గ్రాములు, ఆరు నిమిషాలు. అంతసేపు నానితే ఆకులో లోపాలన్నీ బయటపడతాయి. సరదాగా తాగడానికి మాత్రం అది మరీ గట్టి డికాషన్.

స్నేహితులతో ఒక్క ప్రమాదం: పాలు పోసుకునేవాళ్ళని చిన్నచూపు చూడడం. నాలుగు ఖరీదైన టీలు తాగిన గుంపులో ఎవరో ఒకరికి ఈ జబ్బు అంటుకుంటుంది. "పాలు పోస్తే టీ చచ్చిపోతుంది" అన్నది ఫస్ట్ ఫ్లష్ డార్జిలింగ్‌కి వర్తిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ అస్సాం సీటీసీ గట్టిగా, వగరుగా ఉంటుంది. పాలలోని ప్రోటీన్ ఆ వగరునిచ్చే పదార్థాలను పట్టుకుని మెత్తబరుస్తుంది. ఆ టీ పాలతోనే బాగుంటుంది. చెంచాడు పాలకి మొహం చిట్లించేవాడు టీ నేర్చుకోలేదు, దర్జా నేర్చుకున్నాడు.

ఇంట్లోవాళ్ళని అందరూ చివర్లో పెడతారు, నేనూ పెట్టాను, కానీ వాళ్ళని తక్కువ అంచనా వేయకండి. "ఇదేం టీ రా, గడ్డి నీళ్ళలా ఉంది" అని అమ్మ అంటే ఉత్సాహం నీరుగారిపోతుంది, నిజమే. ఇంటికొచ్చినవాళ్ళకి పాలు లేని టీ ఇస్తే పాలు అయిపోయాయేమో అనుకుంటారనే టెన్షన్ కూడా ఉంటుంది. అయితే అదే అమ్మ, పాల ప్యాకెట్ కంపెనీ మారితే ఒక్క గుక్కలో కనిపెడుతుంది. టీ పొడి కొత్త పొట్లం పాతదానిలా లేదని మూత తీసి వాసన చూసే చెప్పేస్తుంది. రోజూ రెండు పూటలా ఏళ్ళ తరబడి ఒకే టీ పెట్టిన ముక్కు అది. మూడు కప్పుల ఆటకి పిలవాల్సిన మొదటి మనిషి ఆవిడే. తాగమని బతిమాలొద్దు, "అమ్మా, వీటిలో వేరేది ఏదో వాసన చూసి చెప్పు" అంటే చాలు. ఆ పోటీకి కాదనే అమ్మని నేను చూడలేదు.

చేతిలో 500 రూపాయలు పెట్టి మొదలుపెట్టేవాళ్ళు నన్ను అడిగితే, నెల అడిగితే చెప్పే షాపుకి వెళ్ళి అస్సాం ఆర్థడాక్స్, నీలగిరి, డార్జిలింగ్ సెకండ్ ఫ్లష్ చిన్న పొట్లాలు కొనమంటాను. బడ్జెట్ దాటితే డార్జిలింగ్ ఒక్కటి స్నేహితుడితో పంచుకోవచ్చు. ఎంత వేడి, ఎంతసేపు అన్నవి మాత్రం రివ్యూలో చూసుకుని, వర్ణన ఉన్న పేరాలు తాగాక చదవండి.

దగ్గర్లో అలాంటి షాపూ లేక, టీ మీద ఆసక్తి ఉన్న స్నేహితులూ లేని ఊళ్ళో ఉంటే, రివ్యూలే గతి. అప్పుడు పదిమందిని చదవకుండా ఒక్కరినే పట్టుకోండి. ఆయన మెచ్చుకున్న టీ ఒకటి, తిట్టిన టీ ఒకటి తెప్పించి మీ నీళ్ళతో పెట్టి చూడండి. తిట్టినదే మీకు నచ్చిందనుకోండి, దిగులు పడకండి. ఆయన ఇంకేమేం తిట్టాడో వెతికి ఆ జాబితాలోంచే కొనుక్కోవచ్చు.