వైరున్న పేస్‌మేకరా, వైరు లేనిదా: ఏది మేలు?

లీడ్‌లెస్, అంటే వైరు లేని పేస్‌మేకర్, కొత్తది కాబట్టి అదే మేలని చాలామంది అనుకుంటారు. ముందు తేల్చుకోవాల్సింది మాత్రం వేరు: గుండెలో ఏ గదికి ఊతం కావాలి?

పాత పద్ధతిలో కాలర్‌బోన్ కింద చర్మం కోసి చిన్న జేబు చేసి బ్యాటరీ డబ్బా పెడతారు. సిరలోంచి ఒకటో రెండో లీడ్లు (వైర్లు) గుండెలోకి దించుతారు. తిప్పలు చాలావరకు ఆ జేబువీ, లీడ్లవే. సూది పక్కకు పోయి ఊపిరితిత్తికి తగిలితే ఛాతీలో గాలి చేరుతుంది. మొదటి వారాల్లో లీడ్ కొన జారొచ్చు. అందుకే ఆ వైపు చేతిని నాలుగు నుంచి ఆరు వారాలు భుజం కంటే పైకి ఎత్తొద్దంటారు. ఏళ్లు గడిచాక కాలర్‌బోన్‌కీ మొదటి పక్కటెముకకీ మధ్య నలిగి లీడ్ విరగొచ్చు. అన్నిటికన్నా చెడ్డది ఇన్ఫెక్షన్. జేబులో చీము పడితే యాంటీబయాటిక్స్‌తో సరిపెట్టలేరు, డబ్బా, లీడ్లు మొత్తం తీయాల్సిందే. పాతబడిన లీడ్ సిర గోడకు అతుక్కుపోతుంది, లాగేటప్పుడు సిరే చిరిగే ప్రమాదం ఉంది.

లీడ్‌లెస్‌లో జేబూ లేదు, లీడూ లేదు. ఈ రకంలో ఒకటైన మైక్రా బరువు సుమారు 2 గ్రాములు, పొడవు 26 మిల్లీమీటర్లు. గజ్జ దగ్గరి సిరలోంచి పంపుతారు. కాకపోతే దాన్ని మోసుకెళ్లే గొట్టం లావు: బయటి కొలత 27 ఫ్రెంచ్, అంటే 9 మిల్లీమీటర్లు. పరికరం కొసన నాలుగు నిటినాల్ (ఒక లోహ మిశ్రమం) కొక్కేలుంటాయి. కుడి కింది గదిలో మధ్యగోడకు ఆనించి వదిలాక, దారంతో మెల్లగా వెనక్కి లాగుతూ ఎక్స్‌రే తెర మీద చూస్తారు. కనీసం రెండు కొక్కేలు కండను పట్టుకున్నట్టు కనబడాలి. ఆర్ వేవ్ (పరికరానికి అందే గుండె సొంత విద్యుత్ సంకేతం) 5 మిల్లీవోల్టులకు తగ్గకూడదు, థ్రెషోల్డ్ (గుండెను కొట్టించడానికి కావాల్సిన కనీస వోల్టేజి) 0.24 మిల్లీసెకన్ల దగ్గర 1 వోల్టు దాటకూడదు. కుదరకపోతే, దాన్ని మోసుకొచ్చిన కప్పులోకి తిరిగి లాక్కుని చోటు మారుస్తారు. దారం తెంచేశాక మళ్లీ పట్టుకోవడం అంత తేలిక కాదు కాబట్టి తొందర పనికిరాదు. గోడకు చిల్లు పడితే గుండె చుట్టూ రక్తం చేరుతుంది. బక్కపలచని వృద్ధుల్లో, ముఖ్యంగా స్త్రీలలో, ఈ ముప్పు ఎక్కువ.

2016లో వెలువడిన మైక్రా అధ్యయనంలో 725 మందిలో 719 మందికి అమర్చగలిగారు. ఆరు నెలల్లో పెద్ద సమస్యలు వచ్చింది 4 శాతం మందికి, జారిపోయిన పరికరం ఒక్కటీ లేదు. లీడ్లున్నవాటితో పోలిస్తే సమస్యలు దాదాపు సగమే. బాగానే ఉంది కానీ, ఆ పోలిక రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేసి చూసింది కాదు. పాత అధ్యయనాల్లోని 2,667 మంది లెక్కలతో సరిపోల్చారు. అందుకే ఆ 'సగం' మాటను కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి.

పై గదులు ఎప్పుడూ ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో (క్రమం తప్పి వణకడంలో) ఉండి నాడి మందగించినవారికి లీడ్‌లెస్ బాగా కుదురుతుంది. డయాలసిస్ రోగులకూ అంతే, చేతి సిరలు పాడవకుండా మిగులుతాయి. ఒకసారి జేబు ఇన్ఫెక్షన్ వచ్చినవారికి నేను ముందు దీన్నే చూడమంటాను.

సైనస్ నోడ్ (పై గదిలో ఉండి గుండె లయను నడిపే భాగం) జబ్బు సంగతి వేరు. కింది గదిని మాత్రమే కొట్టిస్తే, పై గది మూసుకున్న కవాటం మీద ముడుచుకుంటుంది. మెడలో సిరలు ఎగిరిపడతాయి, తల తిరుగుతుంది, ఆయాసం వస్తుంది. వీళ్లకు రెండు లీడ్ల పేస్‌మేకరే నా మొదటి మాట. 2023లో అమెరికాలో అనుమతి పొందిన అవెయిర్ డీఆర్ అనే లీడ్‌లెస్ జతలో పై గదికొకటి, కింది గదికొకటి పెడతారు, అవి ప్రతి స్పందనకూ ఒకదానికొకటి సంకేతాలిచ్చుకుంటాయి. పంపింగ్ తగ్గి, ఎప్పుడూ పేసింగ్ మీదే ఆధారపడే గుండెకు మాత్రం ఇంకా లీడ్లే దారి.

వయసు తక్కువైతే బ్యాటరీ లెక్క కూడా చూడాలి. పాత రకంలో లీడ్లు బాగుంటే డబ్బా ఒక్కటే మారుస్తారు. మైక్రా అయితే చుట్టూ కణజాలం కమ్ముకుంటుంది కాబట్టి, చాలాసార్లు పాతదాన్ని ఆపి అక్కడే వదిలి, పక్కన కొత్తది పెడతారు. ముప్పై ఏళ్ల మనిషికి ఇలా ఎన్నిసార్లు పడుతుందో అమర్చకముందే డాక్టర్‌ను అడగాలి.