స్వరకల్పనకు ధైర్యమిచ్చే సంగీత తరగతి: సత్యనారాయణపురం, విజయవాడ

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక గురువుగారు తమ ఇంట్లోనే నడుపుతున్న కర్ణాటక సంగీత తరగతికి మా అమ్మాయి కొంతకాలంగా వెళుతోంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు శ్రద్ధగా నేర్పేవారు ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు. ఈ తరగతి గురించి ప్రత్యేకంగా చెప్పవలసింది మనోధర్మం మొదలయ్యే చోట, అంటే పిల్లలు సొంతంగా స్వరకల్పన చేయవలసి వచ్చినప్పుడు.

వర్ణం దాకా గురువు పాడినదాన్ని తిరిగి పాడితే సరిపోతుంది. స్వరకల్పనలో మాత్రం రాగలక్షణం చెడకుండా, తాళం తప్పకుండా, అప్పటికప్పుడు స్వరాలు అల్లుకుంటూ వెళ్లి ఎత్తుగడను, అంటే తాళంలో పాట మొదలయ్యే చోటును, సరిగ్గా అందుకోవాలి. తప్పులు దొర్లకుండా ఈ విద్య ఎవరికీ పట్టుబడదు కనుక, తప్పు దొర్లిన క్షణంలో గురువు ఏమన్నారన్నది చాలా ముఖ్యం. మేము ఇంతకుముందు పంపిన చోట, అపస్వరం పలికితే తోటి పిల్లల ముందే "నీకు సంగీతం రాదు" అనేవారు. దాంతో మా అమ్మాయి అక్కడ విన్న స్వరాలనే పుస్తకంలో రాసుకొని, బట్టీపట్టి, అప్పజెప్పడం అలవాటు చేసుకుంది. తప్పులు తగ్గిన మాట నిజమే కానీ, ఆ పాటలో కల్పన అన్నదే మిగల్లేదు.

ఇక్కడి పద్ధతి వేరు. మోహన రాగంలో మధ్యమం (మ), నిషాదం (ని) ఉండవు. ఒకసారి మా అమ్మాయి పైస్థాయి షడ్జానికి (స) వెళుతూ నిషాదం పలికితే, గురువుగారు తాళం ఆపకుండానే, "గపదా అని ఎక్కిన తీరు బాగుందమ్మా, నిషాదం వదిలేసి అక్కడి నుంచే మళ్లీ అందుకో" అన్నారు. ఏది బాగుందో, ఏది తప్పో రెండూ ఆ ఒక్క మాటలోనే తెలిశాయి, పాట కూడా ఆగలేదు. ఊరికే పొగడడం ఆవిడ స్వభావం కాదు. శ్రుతి కలవకపోతే కలిసేదాకా షడ్జం పట్టిస్తారు, ఆవర్తనం, అంటే తాళం చుట్టు, తప్పితే మళ్లీ మొదటి నుంచి పాడిస్తారు. అయినా ఇప్పుడు మా అమ్మాయి అడగకుండానే, తనకు తోచిన స్వరాలతో ఇంట్లో పాడుకుంటోంది.

మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఎనిమిదేళ్ల వయసులో విజయవాడలోనే పూర్తి కచేరీ చేశారు, కౌమారంలోనే 72 మేళకర్త (జనక) రాగాలలోనూ కృతులు రచించారు. అంతటి ప్రతిభ అందరికీ ఉండదు, నిజమే. కానీ పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి వంటి గురువు దొరకడం ఆ ప్రతిభకు ఎంత మేలు చేసిందో, ఈ తరగతిని చూశాక నాకు మరింత బాగా అర్థమైంది.

లోపాలూ ఉన్నాయి. ఆదివారం తరగతిలో పిల్లలు ఎక్కువ కావడంతో స్వరకల్పన వంతు కొందరికి రానే రాదు; ఈ విద్యకు ఒక్కొక్కరికీ విడిగా సమయం కావాలి కనుక, ఇది చిన్న లోపమని నేను అనుకోను. వారం మధ్యలో జరిగే తరగతిలో ఈ ఇబ్బంది తక్కువ. పరీక్షలు త్వరగా పూర్తిచేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలనుకునేవారికి ఇక్కడి నడక నెమ్మదిగా అనిపిస్తుంది. వర్ణాలు పూర్తయి మనోధర్మంలోకి అడుగుపెడుతున్న పిల్లలుంటే మాత్రం, వారం మధ్య తరగతిలోనే చేర్పించండి.