పంపు ఫ్లో తగ్గించాలంటే ఏది మేలు: వాల్వ్ బిగించడమా, వీఎఫ్‌డీ (మోటార్ స్పీడ్ మార్చే డ్రైవ్) పెట్టడమా, ఇంపెల్లర్ (పంపు లోపల తిరుగుతూ నీళ్ళని తోసే చక్రం) ట్రిమ్ చేయించడమా?

సెంట్రిఫ్యూగల్ పంపు అవసరం కన్నా పెద్దది పడటం చాలా మామూలు. డిజైన్ చేసేవాళ్ళు కొంత మార్జిన్ వేస్తారు, పైపింగ్ లెక్కలో ఇంకొంత కలుస్తుంది, కొనేటప్పుడు కేటలాగ్‌లో పై సైజు తీసుకుంటారు, తీరా స్టార్ట్ చేశాక వాల్వ్ సగం మూస్తే గానీ కావాల్సిన ఫ్లో రాదు. ఆ వాల్వ్ ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది, కరెంటు రోజూ పోతూనే ఉంటుంది. ఇది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే సరిచేయడం అంత కష్టమేం కాదు. ముందు రెండు సంగతులు తెలిస్తే చాలు. మీకు కావాల్సిన ఫ్లో మారుతూ ఉంటుందా, ఒకేలా ఉంటుందా? హెడ్‌లో (పంపు ఇవ్వాల్సిన ప్రెషర్, మీటర్ల లెక్కన) స్టాటిక్, అంటే నీళ్ళు ఎక్కాల్సిన ఎత్తు ఎంత, పైపు ఫ్రిక్షన్ ఎంత?

వాల్వ్ సంగతి తొందరగా చెప్పేస్తా. పైసా ఖర్చు లేదు, కానీ పంపు నీళ్ళకిచ్చిన ఎనర్జీలో కొంత వాల్వ్ దగ్గరే పోతుంది. మరీ బిగిస్తే పంపు దాని మంచి ఎఫిషియెన్సీ పాయింట్‌కి దూరమైపోయి షాఫ్ట్ మీద సైడ్ లోడ్ పెరిగి సీల్, బేరింగ్‌లు త్వరగా పోతాయి. అప్పుడప్పుడు కాసేపు నడిచే చిన్న పంపుకైతే ఇదే చాలు. (గేర్ పంపు, ప్లంజర్ పంపుల డిశ్చార్జ్ వాల్వ్ మాత్రం ఇలా బిగించొద్దు, ఫ్లో తగ్గదు, ప్రెషర్ పెరిగి ఏదో ఒకటి పగులుతుంది.)

ఇక వీఎఫ్‌డీ. స్పీడ్ తగ్గితే ఫ్లో అంతే తగ్గుతుంది, హెడ్ స్పీడ్ స్క్వేర్ లెక్కన, పవర్ క్యూబ్ లెక్కన తగ్గుతాయి, అంటే 80% స్పీడ్‌కి పవర్ 51% దగ్గరికి వస్తుంది. సేల్స్ వాళ్ళు చూపించేది ఈ లెక్కే, తప్పేం కాదు, కాకపోతే హెడ్ అంతా ఫ్రిక్షనే అయినప్పుడే అది వర్తిస్తుంది. ఒక పంపు ఫుల్ ఫ్లోలో 30 మీటర్ల హెడ్, వాల్వ్ పూర్తిగా మూస్తే 36 మీటర్లు ఇస్తుందనుకోండి. మనకి 80% ఫ్లో చాలు. వాల్వ్ బిగిస్తే నీళ్ళలోకి వెళ్ళే పవర్ దాదాపు 86%, స్టాటిక్ హెడ్ లేని లైన్‌లో స్పీడ్ తగ్గిస్తే 51%. కానీ అదే 30 మీటర్లలో 20 మీటర్లు ఎత్తుకే పోతుంటే స్పీడ్‌ని 92% దాకే తగ్గించగలం, పవర్ 70% దగ్గర ఆగిపోతుంది. ఇంకా ముఖ్యమైంది, ఈ లైన్‌లో స్పీడ్ 75% కిందికి తీసుకెళ్తే నీళ్ళు అసలు పైకి ఎక్కవు, పంపు లోపలే తిప్పుకుంటూ వేడెక్కుతుంది. అందుకే మినిమమ్ స్పీడ్ సెట్ చేయకుండా డ్రైవ్ వదిలేయొద్దు. డ్రైవ్ తినే కొద్ది శాతం లాస్ కూడా లెక్కలో వేయాలి, పెద్ద మోటార్లలో డ్రైవ్ వల్ల బేరింగ్‌ల గుండా పారి వాటిని పాడుచేసే కరెంట్లకి ఇన్సులేటెడ్ బేరింగో షాఫ్ట్ గ్రౌండింగో చూసుకోవాలి.

జనం ఎక్కువగా మర్చిపోయేది ఇంపెల్లర్ ట్రిమ్మింగ్, నాకు చాలా ఇష్టమైంది కూడా ఇదే. ఫ్లో ఎప్పుడూ ఒకేలా కావాలి, పంపు మాత్రం పెద్దది, అలాంటప్పుడు డ్రైవ్ దేనికి? ఇంపెల్లర్‌ని లేత్ మీద పెట్టి డయా తగ్గిస్తే అయిపోతుంది, కొత్తగా పాడయ్యే పార్ట్ ఒక్కటీ రాదు. స్పీడ్‌కి ఉన్న లెక్కలే దీనికీ ఉజ్జాయింపుగా పనికొస్తాయి, కానీ నమ్మాల్సింది తయారీదారు ఇచ్చిన కర్వ్‌నే. ఒకేసారి ఎక్కువ తీయొద్దు, తీసింది మళ్ళీ అతికించలేం, అందుకని లెక్కలో వచ్చిన దానికన్నా తక్కువ తీసి, బ్యాలెన్సింగ్ చేయించి, నడిపి చూసి, అప్పుడు ఇంకొంచెం తీయండి. మరీ తగ్గిస్తే కేసింగ్‌కి ఇంపెల్లర్‌కి మధ్య గ్యాప్ పెరిగి ఎఫిషియెన్సీ పడిపోతుంది.

కాబట్టి ఫ్లో బాగా మారుతూ ఫ్రిక్షన్ ఎక్కువుంటే వీఎఫ్‌డీ, ఫ్లో ఒకేలా ఉంటే ట్రిమ్మింగ్. స్టాటిక్ ఎక్కువుండి ఫ్లో కూడా మారుతుంటే ఒక పెద్ద పంపు బదులు రెండు మూడు చిన్నవి పెట్టి అవసరాన్ని బట్టి ఆన్ చేసుకోవడం చాలాసార్లు మేలు.

ఇవేవీ చూడకుండా ముందు మోటార్ మార్చేవాళ్ళున్నారు. 7.5 కిలోవాట్ల 4 పోల్ మోటార్‌కి 50 హెర్ట్జ్ దగ్గర ఐఈ2 క్లాస్ అంటే ఎఫిషియెన్సీ 88.7%, ఐఈ4 క్లాస్ అంటే 92.6%, మంచిదే. కానీ కొత్తదానికి స్లిప్ తక్కువ, అంటే కాస్త వేగంగా తిరుగుతుంది, 1440 బదులు 1460 ఆర్‌పీఎమ్ తిరిగిందంటే క్యూబ్ లెక్కలో పంపు 4% ఎక్కువ పవర్ లాగుతుంది, మిగిలిందనుకున్నది అక్కడే పోతుంది. మోటార్ మార్చినప్పుడే ఇంపెల్లర్ కూడా సరిచేయించండి.

స్టాటిక్ ఎంతో తెలీకపోతే, పంపు ఆపి, లైన్ నిండుగా ఉన్నప్పుడు నాన్ రిటర్న్ వాల్వ్ తర్వాతున్న గేజ్ చూడండి. ఒక కేజీ ప్రెషర్ అంటే 10 మీటర్లు, సంప్ లెవెల్ గేజ్ కన్నా ఎంత కిందుంటే అంత దానికి కలపండి.