316ఎల్ స్లీవ్‌కి నైట్రైడింగ్: ఉప్పునీళ్ల పంపుల్లో ఏళ్ల తరబడి వాడాక

రొయ్యల ప్లాంట్‌లో ఉప్పునీళ్ల పంపులు చూసుకునేవాళ్లకి షాఫ్ట్ స్లీవ్ (షాఫ్ట్ అరగకుండా దాని మీద తొడిగే గొట్టం) బాధ తెలిసిందే. 316ఎల్ స్టెయిన్‌లెస్ తుప్పుకి బాగా తట్టుకుంటుంది కానీ మెత్తన, హార్డ్‌నెస్ 200 విక్కర్స్ (గట్టిదనం కొలత) దరిదాపుల్లోనే. నీళ్లు కారకుండా షాఫ్ట్ చుట్టూ బిగించే గ్లాండ్ ప్యాకింగ్ రాపిడికి గాడి పడుతుంది. ఆ తర్వాత ప్యాకింగ్ ఎంత బిగించినా కారుడు ఆగదు. అందుకే నైట్రైడింగ్‌తో, అంటే లోహంలోకి నైట్రజన్ ఎక్కించి, స్లీవ్ పైపొరని గట్టిపరచడం మొదలుపెట్టాం.

మొదట పెట్టినవి 500 డిగ్రీలు దాటిన వేడిలో గ్యాస్ నైట్రైడింగ్ చేసినవి. ఆకురాయి పెడితే జారిపోయేది, అంత గట్టి. గాడి పడలేదు, నిజమే. కానీ కొన్ని వారాలకే ప్యాకింగ్ అంచున గోధుమరంగు చార వచ్చింది. కాటన్ వేస్ట్‌తో తుడిస్తే తుప్పు అంటింది, దాని కింద సూదితో పొడిచినట్టు గుంటలు. స్టెయిన్‌లెస్‌ని కాపాడేది కొన్ని నానోమీటర్ల క్రోమియం ఆక్సైడ్ పొర. అది నిలవాలంటే లోహంలో కనీసం పదిన్నర శాతం క్రోమియం కరిగి ఉండాలి. అంత వేడిలో నైట్రజన్ ఆ క్రోమియంతో కలిసి నైట్రైడ్ రేణువులైపోతుంది. క్రోమియం ఎక్కడికీ పోదు, తుప్పుని ఆపే పనికి మాత్రం దొరకదు.

ఇప్పుడు వాడేది తక్కువ వేడి ప్లాస్మా నైట్రైడింగ్ (కరెంటుతో ప్లాస్మాగా మార్చిన వాయువుతో చేసేది), 420 డిగ్రీల లోపు. ఆ వేడిలో క్రోమియం పరమాణువులు దాదాపు కదల్లేవు. నైట్రజన్ ఒక్కటే లోపలికి దూరి ఆస్టెనైట్‌లోనే (316ఎల్ స్ఫటిక నిర్మాణం) ఇరుక్కుంటుంది. దీన్నే ఎస్ ఫేజ్ అంటారు, హార్డ్‌నెస్ 1000 విక్కర్స్ దాటుతుంది. స్లీవ్ బూడిదరంగులో వస్తుంది, మెరుపు ఉండదు, దానికి కంగారు పడొద్దు. మా పంపుల్లో గాడీ లేదు, ఆ చారా లేదు. పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం జరిగిందనే చెబుతాను.

జాబ్ ఇచ్చేటప్పుడు హార్డ్‌నెస్ రిపోర్ట్ ఒక్కటే చూసి ఊరుకోకండి, ఫర్నేస్ టెంపరేచర్ చార్ట్ అడిగి తీసుకోండి. రెండు పద్ధతుల్లోనూ హార్డ్‌నెస్ బాగానే వస్తుంది, తేడా తెలిసేది చార్ట్‌లోనే. పొర మందం ఇరవై మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి నైట్రైడింగ్‌కి ముందే ఫైనల్ సైజుకి గ్రైండింగ్ చేయించాలి. తర్వాత గ్రైండింగ్ పెడితే పొర పోతుంది. వెల్డింగ్ వేడి తగిలినా మళ్లీ పాత కథే.

మంచినీళ్ల పంపుకి ఇంత ఖర్చు అక్కర్లేదు. ఉప్పునీళ్ల పంపు ఆపేసి వదిలేస్తే మాత్రం, ఎంత మంచి స్లీవ్ అయినా ప్యాకింగ్ కింద గుంటలు పడే ప్రమాదం ఉంది. మేం షిఫ్ట్ ముగిశాక మంచినీళ్లతో ఫ్లష్ చేసి గాని పంపు ఆపం.